కోసిన అంచు మీద పెదవి

నవంబర్ 4, సోమవారం

కొత్త రంపం వచ్చింది. బ్యాటరీతో నడిచే బ్యాండ్ సా. దాంతోపాటు ఈ డైరీ ఫ్రీ. డైరీ పోయిన సంవత్సరానిది! మాలాంటి వాళ్లకి తేదీలతో పనేముందిలే అనుకుని ఉంటారు. అట్ట బాగుంది, పారేయబుద్ధి కాలేదు. అచ్చువేసిన తేదీలు కొట్టేసి నావి నేను వేసుకుంటున్నాను.

మాది పైపుల పని. నేనూ మా అన్నయ్యా ఒక జత. ఇప్పుడున్న సైటు ఒక పెద్ద పాత బిల్డింగు బేస్‌మెంటు. కప్పుకి వేలాడుతున్న పాత బాయిలర్ పైపులన్నీ కోసి దించాలి, వాటి చోట కొత్తవి ఎక్కించాలి. కింద కరెంటు లేదు. పక్క గదినిండా పెయింటు డబ్బాలు, థిన్నరు. ఒక్క నిప్పురవ్వ అటు పోయిందంటే అందరం ఒకేసారి పైకి పోతాం, మెట్లెక్కే పని లేకుండా. అందుకని రవ్వలు చిమ్మే కటింగ్ గ్రైండర్ బంద్. ఈ రంపం అందుకే తెప్పించారు.

డెమో ఇవ్వడానికి ఇస్త్రీ చొక్కాలో ఒకాయన వచ్చాడు. వెనక పిడి కుడిచేత్తో, ముందు పిడి ఎడమచేత్తో పట్టుకోవాలట. బలం పెట్టకూడదట. ట్రిగ్గర్ నొక్కి ఊరుకుంటే రంపం తన బరువుకి తనే దిగుతుందట. చెయ్యి అదరదు, వేళ్లకి హాయి అని పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. అన్నయ్య అందుకుని ఒక పైపు కోశాడు. రవ్వ లేదు, కీచుమనడం లేదు. సబ్బుబిళ్లని దారంతో కోసినట్టు దిగిపోయింది. అన్నయ్య మొహం వెలిగిపోయింది. ఇది మన చిన్నప్పుడే ఎందుకు రాలేదురా అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నవంబర్ 6, బుధవారం

ఇవాళ ఒక వింత చూశాను. అన్నయ్య పైపుకి ముద్దు పెడుతున్నాడు.

పైపు కోశాక అంచున సన్నటి ఇనప ముళ్లు మిగులుతాయి. బర్ అంటాం. అది ఉంటే జాయింటు సరిగా కూర్చోదు, ఇవాళ కాకపోతే రేపు లీకవుతుంది. అందుకని కోసిన ప్రతి అంచునీ గ్లవ్ తీసి బొటనవేలితో చుట్టూ తడమాలి. కంటితో చూస్తే చాలదు. పనిలో చేరిన మొదటి రోజే అన్నయ్య ఈ సంగతి చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు, నా వేలు పట్టుకుని అంచు చుట్టూ తిప్పాడు. తెగింది. ఇక మర్చిపోవులే అన్నాడు. అదీ మా అన్నయ్య.

అలాంటి మనిషి ఇవాళ నిచ్చెన చాటుకి వెళ్లి, పైపు ముక్కని మూతి దగ్గరికి తెచ్చుకుని, కింది పెదవితో అంచుని తడుముతున్నాడు. ఈ వయసులో ఇదేం సరసం అని ఏడిపించాను. ఉలిక్కిపడ్డాడు. దుమ్ము ఊదుతున్నానన్నాడు. పెదవి మీద సన్నగా రక్తం గీత ఉంది. దుమ్ము ఊదితే రక్తం వస్తుందా?

నవంబర్ 11, సోమవారం

మా ఆవిడకి ఈ రెండు నెలలూ పొద్దున డ్యూటీ. పాపకి జడ వేసి స్కూలుకి పంపడం నా వంతు. గొప్ప చెప్పుకోవడం కాదు గానీ మా ఆవిడ కంటే నేనే బిగువుగా వేస్తాను. ఇవాళ మూడు పాయల్లో ఒకటి జారిపోతూనే ఉంది. పట్టుకున్నాననే అనుకుంటాను. చూస్తే చేతిలో ఉండదు. పాప అద్దంలో చూసుకుని, ఇది జడ కాదు నాన్నా, చీపురు అంది.

చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయమ్మా అన్నాను. చలి నిజంగానే ఎక్కువగా ఉంది.

నవంబర్ 12, మంగళవారం

అడిగేశాను. కడుపులో దాచుకునే రకం కాదు నేను.

టీ టైములో అందరూ పైకి వెళ్లాక అన్నయ్య గ్లవ్స్ తీశాడు. బొటనవేళ్లతో సహా రెండు చేతుల వేళ్లూ సగం దాకా తెల్లగా ఉన్నాయి. పాలిపోవడం కాదు, కొవ్వొత్తి తెలుపు. పోయిన చలికాలం నుంచే ఇలా ఉందట. ఒక్కడే డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చాడట. ఇన్నేళ్ల గ్రైండర్ అదురుకి వేళ్లలో నరాలు చచ్చుబడ్డాయన్నాడట డాక్టరు. మందు లేదట. అదిరే పనిముట్లు మానేస్తే ఇంకా పాడవకుండా ఉండచ్చేమో గానీ, పోయింది మాత్రం తిరిగి రాదట. ఇదంతా చెప్పి నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు ఒళ్లు మండింది.

ఎవరికీ చెప్పొద్దన్నాడు. ముఖ్యంగా వదినకి చెప్పొద్దన్నాడు. ఆఫీసుకి తెలిస్తే గేటు దగ్గర కూర్చోబెడతారు. పాత సైటులో మా పొడుగు వెల్డరుకి అదే గతి పట్టింది. పొద్దస్తమానం వచ్చే బండికి గొలుసు దించడం, పోయే బండికి గొలుసు దించడం. ఎంత సరదా మనిషి! చివరికి మేం పలకరించినా గొలుసు వంకే చూసేవాడు. ఆ కుర్చీలో కూర్చోవడం కంటే చావడం నయం అన్నాడు అన్నయ్య. ఈ రంపం వచ్చింది కదరా, ఇది అదరదు, ఇక నాకు ఢోకా లేదు అన్నాడు. ఒట్టు వెయ్యమన్నాడు. వేశాను.

లేస్తూ లేస్తూ, నీ వేళ్లెలా ఉన్నాయని అడిగాడు. నాకేం, ఉక్కు ముక్కల్లా ఉన్నాయన్నాను.

నవంబర్ 18, సోమవారం

రంపం ట్రిగ్గర్‌కి కేబుల్ టై, వైర్లు కట్టే ప్లాస్టిక్ పట్టీ, బిగించి ఉంది.

అలా బిగిస్తే ట్రిగ్గర్ నొక్కినది నొక్కినట్టే ఉంటుంది. చెయ్యి తీసేసినా బ్లేడు తిరుగుతూనే ఉంటుంది. ఆపాలంటే బ్యాటరీ ఊడలాగాలి. ఇది ఎంత వెధవ పనో అన్నయ్యకి తెలియక కాదు. ఇదే పని చేసినందుకు ఒకప్పుడు ఒకణ్ని సైటు బయటికి గెంటించాడు. కానీ ఇప్పుడు తను నొక్కాడో వదిలాడో తన వేలికి తెలియడం లేదట. సగంలో రంపం ఆగిపోతోందట, బ్లేడు పైపులో ఇరుక్కుంటోందట. కటింగ్ ప్లేయర్ తీసి టై కత్తిరించి పారేశాను. మొహం మాడ్చుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

నవంబర్ 19, మంగళవారం

మళ్లీ కట్టాడు. మళ్లీ కత్తిరించాను.

నవంబర్ 20, బుధవారం

మళ్లీ. జేబులో ఒక కట్ట పెట్టుకుని తిరుగుతున్నాడు.

నవంబర్ 24, ఆదివారం

పాపని తీసుకుని అన్నయ్యవాళ్లింటికి వెళ్లాను. వదిన మాకు గ్లాసుల్లో టీ ఇచ్చి, అన్నయ్యకి మాత్రం పెద్ద చెవి ఉన్న మగ్గులో ఇచ్చింది. మొగుడంటే ఎంత మర్యాదో చూడండి, మరిదంటే లోకువ అని ఏడిపించాను. వదిన ఏ మాటకైనా మాట తిప్పికొడుతుంది. ఇవాళ కొట్టలేదు.

గుమ్మం దాకా వచ్చి, సైటులో అంతా బాగానే ఉంటోందా అని అడిగింది. బాగానే ఉందన్నాను. ఆయన బాగానే ఉన్నారా అని మళ్లీ అడిగింది. మీ ఆయనకేం వదినా, ఇంకా మా అందరికీ పని నేర్పుతున్నాడు అన్నాను. వదిన నా మొహంలోకి చూస్తుంటే పాప చెప్పులు వెతికే వంకతో వంగిపోయాను. చెప్పులు పాప కాళ్లకే ఉన్నాయి.

నవంబర్ 28, గురువారం

ఒట్టు తప్పాను. విజిల్‌కి చెప్పేశాను.

విజిల్ అంటే మా సూపర్‌వైజరు. మెడలో ఎప్పుడూ ఒక విజిల్ వేలాడుతుంటుంది. మెట్ల మీద మనిషి కనబడేలోపే అది వినబడుతుంది. చెడ్డవాడేం కాదు. నేను చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు. అయ్యో అన్నాడు, నిజంగానే బాధపడ్డాడు. తర్వాత కప్పు వంక చూశాడు. ఇంకా సగం పైపులు అలాగే వేలాడుతున్నాయి. ఈ పని ఒక కొలిక్కి రానీ, తర్వాత ఏదో ఒకటి చూద్దాం, ఇప్పుడు ఆ ఎత్తులో కోసేవాడు నాకింకెవడున్నాడు చెప్పు అన్నాడు. ఈలోగా జాగ్రత్తలు మాత్రం తీసుకుందాం అన్నాడు.

అన్నయ్యకి ద్రోహం చేశానన్న బాధ ఒకటి. చేసినా లాభం లేకపోయిందన్న బాధ ఇంకొకటి. రెండూ మోసుకుని ఇంటికొచ్చాను.

డిసెంబర్ 2, సోమవారం

జాగ్రత్తలు వచ్చాయి. ఒక పోస్టరు, అందరికీ కొత్త గ్లవ్స్.

పోస్టరులో రెండు చేతుల బొమ్మ. మీ చేతులే మీ భవిష్యత్తు అని కింద రాసి ఉంది. బొమ్మలో చేతులు ఎర్రగా, నున్నగా ఉన్నాయి, జన్మలో పైపు పట్టిన చేతులు కావవి. గ్లవ్స్ పరుపుల్లా ఉన్నాయి. అన్నయ్య వేళ్లకి మిగిలిన ఆ కాస్త స్పర్శ కూడా వాటిలో మునిగిపోయింది. అన్నయ్య పోస్టరు ముందు నిలబడి, ఇది నా కోసమే అంటించినట్టుందే అని నవ్వాడు. నేను వంగి బోల్టులు ఏరుకున్నాను.

డిసెంబర్ 3, మంగళవారం

టీ గ్లాసు చేతిలోంచి జారి పగిలింది. కాలిందని చెప్పాను. కాలిందో లేదో నాకు తెలియలేదు.

డిసెంబర్ 5, గురువారం

నేను కోస్తాను, నువ్వు కింద పట్టుకో అని అన్నయ్యతో వాదించాను. చాలాసేపు గోడకి చెప్పుకున్నట్టే అయింది. చివరికి సరే, చూద్దాం అన్నాడు.

నేను నిచ్చెనెక్కాను. అన్నయ్య కింద పైపు కొస పట్టుకున్నాడు. కోత పూర్తవుతుండగానే కొస అన్నయ్య చేతుల్లోంచి జారింది. పైపు గిర్రున తిరిగి గోడకి కొట్టుకుంది. ఇటుక పెళ్ల ఊడిపడింది. అర అడుగు ఇటు వచ్చి ఉంటే అన్నయ్య దవడ ఊడిపడేది.

తర్వాత అన్నయ్యే చెప్పాడు. పట్టుకోవడానికి చేతిలో పట్టుండాలిరా, కోయడానికి అక్కర్లేదు, రంపం బరువే చాలు అన్నాడు. నేను దిగాను. అన్నయ్య నిచ్చెనెక్కాడు.

పట్టుకోవడానికి నా చేతులూ సరిపోవడం లేదని అనలేదు. కొసని భుజం మీదికి ఎత్తుకున్నాను. భుజానికి ఇంకా అన్నీ తెలుస్తున్నాయి.

డిసెంబర్ 9, సోమవారం

జడ వేస్తూ ఒక పాయని పళ్లతో పట్టుకున్నాను. పాప పడీ పడీ నవ్వింది. రేపు కూడా అలాగే వెయ్యమంది.

డిసెంబర్ 10, మంగళవారం, సాయంత్రం 5

హాస్పిటల్ వరండాలో కూర్చున్నాను. డైరీ లంచ్ బ్యాగులో ఉంది. వదిన లోపల ఉంది. నాకు ఏం చెయ్యాలో తెలియడం లేదు, రాస్తున్నాను.

పొద్దున రంపానికి టై ఉంది. ప్లేయర్ తీశాను. బేస్‌మెంటు ఐసుగదిలా ఉంది. ప్లేయర్ రెండు పిడులూ దగ్గరికి నొక్కడానికి నా వేళ్లకి పట్టు రాలేదు. జారి కింద పడింది. తీశాను, మళ్లీ పడింది. అన్నయ్య చూస్తే తెలిసిపోతుందని భయమేసింది. టీ తాగితే వేళ్లు వేడెక్కుతాయి, అప్పుడు తీద్దాంలే అనుకుని ప్లేయర్ జేబులో పెట్టేసుకున్నాను.

మూలలో పైపు గోడకి దాదాపు ఆనుకుని పోతుంది. అక్కడ రెండు చేతులూ రంపం మీద పెట్టే చోటు లేదు. అన్నయ్య కుడిచేత్తో రంపాన్ని పైపు మీద ఆనించి, ఎడమచెయ్యి పైపు వెనక్కి పోనిచ్చి, ముక్క ఊగకుండా అదిమిపట్టాడు. ఆ చెయ్యి తనకీ కనబడదు, నాకూ కనబడదు. నేను కింద నిలబడి కొస భుజాన మోస్తున్నాను.

పాత పైపు కోసినప్పుడల్లా లోపల నిలిచిపోయిన తుప్పు నీళ్లు కారతాయి, ఎర్రగా. రోజూ మా హెల్మెట్ల మీద, చొక్కాల మీద అవే మరకలు. నా బుగ్గ మీద ఒక చుక్క పడింది. తుడుచుకోలేదు. ఇంకో చుక్క పడింది. వెచ్చగా ఉంది.

తుప్పు నీళ్లు ఎప్పుడూ చల్లగానే ఉంటాయి.

పైనుంచి అన్నయ్య, అయిపోయింది, గట్టిగా పట్టుకో అంటున్నాడు. రోజూ అనే గొంతుతోనే అంటున్నాడు. పైపు తెగిపోయాక కూడా బ్లేడు దిగుతూనే ఉంది. తన బరువుకి తనే. నేను అరిచాను. ఏంట్రా అన్నాడు. నీ చెయ్యి, నీ చెయ్యి అన్నాను. నా చేతికేమైంది అన్నాడు. అని, రంపం పక్కకి తీసి, వెనక నుంచి చెయ్యి బయటికి లాగి, మొహం ముందు పెట్టుకుని చూశాడు. అప్పుడు తెలిసింది తనకి. గ్లవ్‌తో సహా రెండు వేళ్లు లేవు.

పైకి ఎక్కలేను. భుజం మీద పైపు వదిలితే అది నిచ్చెనని పడగొడుతుంది. ఆ బరువు మోస్తూ అక్కడే నిలబడి అరిచాను. కాళ్లూ చేతులూ ఉండి ఏమీ చేయలేకపోయాను. విజిల్ పరుగెత్తుకొచ్చి బ్యాటరీ ఊడలాగాడు. ఎవరో నా భుజం మీంచి పైపు అందుకున్నారు. అన్నయ్యని దించుతుంటే, నొప్పేం లేదురా, నిజంగా ఏమీ లేదు అన్నాడు. నాకు ధైర్యం చెబుతున్నాడు.

నాకు అప్పుడు ఏడుపొచ్చింది.

డిసెంబర్ 11, బుధవారం

వేళ్లు అతకవన్నారు.

డిసెంబర్ 12, గురువారం

వదిన కాళ్ల మీద పడదామని వెళ్లాను. తెలిసీ దాచాను వదినా అని మొదలుపెట్టాను. వదిన సగంలోనే ఆపేసింది.

తనకి పోయిన ఏడాదే తెలుసట. చొక్కా గుండీలు తనే పెట్టేదట. షూ లేసులు తనే కట్టేదట. గ్లాసు జారిపోతోందని చెవి ఉన్న మగ్గు కొన్నదట. తమ్ముడికి మాత్రం చెప్పకు, తెలిస్తే వాడు పని మానేసి నా వెంటే తిరుగుతాడు, వాడి బతుకు పాడవుతుంది అని ఒట్టు వేయించుకున్నాడట. అందుకే ఆ రోజు గుమ్మంలో నన్ను అడిగిందట, నాకైనా తెలుసేమోనని, నేనైనా చెబుతానేమోనని.

ఇద్దరం బెంచీ మీద కూర్చున్నాం. ఇద్దరి చేతా ఒట్లు వేయించుకున్న మనిషి లోపల మందు మత్తులో నిద్రపోతున్నాడు. తిట్టాలనిపించింది. ఎవరిని తిట్టాలో తెలియలేదు.

డిసెంబర్ 13, శుక్రవారం

విజిల్ నన్ను పక్కకి పిలిచాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి అతనికి. నువ్వు చెప్పినప్పుడే వినాల్సింది అన్నాడు. తర్వాత ముక్కు తుడుచుకుని, సోమవారం నుంచి రంపం నువ్వు తీసుకో, కింద పట్టుకోవడానికి వేరే మనిషినిస్తాను అన్నాడు. నీ చేతులు బాగానే ఉన్నాయి కదా అని అడిగాడు.

చెబుదామనే నోరు తెరిచాను. గేటు దగ్గర కుర్చీ కళ్లముందు కనబడింది. ఆ గొలుసు కనబడింది. తలూపాను. అతను నా భుజం తట్టి వెళ్లిపోయాడు.

రంపాన్ని ఎవరో శుభ్రంగా కడిగి పెట్టారు. కొత్త బ్లేడు వేశారు. చెయ్యి అలవాటు కావాలని ఒక ముక్క కోసి చూశాను. బాగా తెగింది. గ్లవ్ తీసి అంచు చుట్టూ బొటనవేలు తిప్పాను. నున్నగా ఉందనిపించింది. మళ్లీ తిప్పాను. నున్నగానే ఉంది. అనుమానమొచ్చింది. చుట్టూ చూశాను, ఎవరూ లేరు. పైపు ముక్కని మూతి దగ్గరికి తెచ్చుకున్నాను.

బర్ ఉంది. పెదవి తెగింది.

డిసెంబర్ 16, సోమవారం

సైటుకి వెళ్లలేదు. అన్నయ్యకి ఇవాళ ఇంకో ఆపరేషన్ చేశారు. మత్తు ఇంకా పూర్తిగా దిగలేదు. వదినని ఇంటికి పంపించి నేను కూర్చున్నాను. కళ్లు మూసుకునే, చెయ్యి పట్టుకోరా అన్నాడు. దుప్పటి కింద ఉన్న కుడిచెయ్యి పట్టుకున్నాను.

కాసేపాగి, పట్టుకున్నావా అని అడిగాడు.

దుప్పటి ఎత్తి చూశాను. చూసి, పట్టుకున్నానని చెప్పాను.